పెడల్ మెట్టు మీద, చక్రాలు రోడ్డు మీద

బడిలో పిల్లల పేర్లు మరిచిపోయేవాణ్ణి. ఇంట్లో చెప్పిన సరుకుల్లో సగం మరిచిపోయి వచ్చేవాణ్ణి. కానీ నన్ను ఎవరైనా ఒక మాట అంటే మాత్రం అది ఏ వారం, ఏ పూట, అప్పుడు నా చేతిలో ఏముంది అన్నంతవరకూ గుర్తుంటుంది. ఆ బండివాడు ఆ మాట అన్నప్పుడు నా చేతిలో కరివేపాకు ఉంది.

ప్రొద్దుటూరులో మా ఇల్లు బట్టల అంగళ్ళ వీధిలో ఉండేది. మా నాయన కొన్న ఇల్లు. ముందు ఒక అరుగు, అరుగుకు రెండు మెట్లు. పెళ్ళిళ్ళ కాలం వస్తే జమ్మలమడుగు, మైలవరం పక్కనుంచి బండ్లు కట్టుకుని జనం దిగేవాళ్ళు. బంగారం కొనేవాళ్ళు బంగారానికి, చీరలు కొనేవాళ్ళు చీరలకు పోయేవాళ్ళు. బండ్లు మాత్రం మా వాకిలి ముందు మిగిలేవి. ఆ రోజు నేను బజారునుంచి వచ్చేసరికి ఒక ఎద్దు మా మెట్ల మీదికి తలకాయ చాచి ఉంది. బండివాడు బండిలో గడ్డి మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"బండి రోంత ముందుకు జరుపప్పా" అన్నాను.

వాడు లేవలేదు. "ఎద్దుకు సదువు లేదు అయివారూ. సదువుకున్నోనివి, నువ్వే జరుగు" అన్నాడు.

అయివారు అంటే మా సీమలో బడిపంతులు. నన్ను వీధి అంతా అట్లాగే పిలిచేది. వాడి మాటకు అరుగు మీద కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. దర్జీ మామ నవ్వుతున్నాడు. అది కూడా నాకు గుర్తుంది.

దర్జీ మామ సాయిబు, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. మా నాయన ఉన్నప్పటినుంచీ మా అరుగు మీదే మిషన్ పెట్టుకుని కుట్టేవాడు. బాడుగ అడగడం మా నాయనకు తెలియదు, ఇవ్వడం ఆయనకు తట్టలేదు. రంజానుకు సేమ్యాల పాయసం మాత్రం గిన్నె నిండా వచ్చేది. అంగట్లో కొన్న గుడ్డ అక్కడికక్కడే చొక్కాయో బనియనో అయ్యేది. వాళ్ళ ఆడవాళ్ళు బేరాలు ముగించే లోపల బండివాళ్ళు కుట్టించుకుని తొడుక్కుని పోయేవాళ్ళు. అంటే నా గడపకు అడ్డం వచ్చిన ఎద్దులన్నీ ఆయన గిరాకీలే. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదని చెప్పను. తెలుసు. కానీ నా చేతిలో కరివేపాకు ఉన్నప్పుడు ఒకడు నన్ను జరగమన్నాడు, అది మాత్రమే నాకు కనిపించింది.

ఆ సాయంత్రమే మొదటి అర్జీ రాశాను. మా వీధిలో ఎద్దుల బండ్లు నిలపకుండా, ఊరి చివర బండ్లపేట ఉంది కాబట్టి అక్కడికి పంపించాలని మున్సిపాలిటీకి. రెండు నెలలకూ జవాబు లేదు. రెండో అర్జీలో భాష పెంచాను. మూడో అర్జీ రాసేటప్పుడు నాకొక అనుమానం వచ్చింది. ఎద్దుల బండ్లని మాత్రమే రాస్తే రేపు దున్నపోతుల బండి కట్టుకుని ఎవడైనా వస్తే? ఎవడికీ సందు ఇవ్వకూడదని "చక్రములు గల ఏ వాహనమైనను" అని రాశాను. కింద ఇంకో వాక్యం కూడా చేర్చాను: "నిలిపినవాడు ఎంతటివాడైనను ఉపేక్షింపరాదు." ఆ వాక్యం నాకు ఎంత నచ్చిందంటే అరుగు మీదికి వచ్చి గట్టిగా చదివాను.

దర్జీ మామ సూదిలో దారం ఎక్కిస్తూ విన్నాడు. "నా మిషన్‌కూ చక్రం ఉండాది గదా అయివారూ. ఇదీ పేటకు పోవాల్నా?" అన్నాడు.

"నీది వాహనం కాదులే మామా."

"నీ సైకిలో?"

అర్జీ మడుచుకుని లోపలికి వచ్చాను. నా సైకిలు గురించి ఒకరు ప్రశ్న అడగడమే నాకు తప్పుగా తోచింది.

మొత్తం పదకొండు అర్జీలు రాశాను. మొదటిది రాసినప్పుడు రాజధాని కర్నూల్లో ఉంది. బోర్డు వచ్చేసరికి రాజధాని హైదరాబాదుకు పోయింది. మా మున్సిపాలిటీ కంటే రాష్ట్రమే త్వరగా కదిలింది. ఏమైతేనేం, ఒక పొద్దున ఇద్దరు మనుషులు వచ్చి మా ఇంటి ఎదురుగా ఒక రాట పాతి, నల్ల రేకు మీద తెల్ల అక్షరాలతో నా వాక్యాన్ని దిగగొట్టి పోయారు. చక్రములు గల ఏ వాహనమైనను నిలుపరాదు, అతిక్రమించినవారు శిక్షింపబడుదురు.

ఆ తర్వాత పది రోజులు నాకంటే సంతోషంగా ఆ వీధిలో ఎవరూ లేరు. బడి వదలగానే వచ్చి వాకిట్లో నిలబడేవాణ్ణి. బండి కనిపిస్తే వేలితో బోర్డు చూపించేవాణ్ణి. చదవడం రానివాళ్ళకు చదివి వినిపించేవాణ్ణి. బండ్లు పేటకు పోయాయి. పేట దగ్గర ఇంకొక దర్జీ ఉన్నాడు. మా అరుగు మీద మిషన్ చప్పుడు మధ్యాహ్నాలు ఆగిపోవడం మొదలైంది. దర్జీ మామ ఒకసారి మాత్రం, "వీధి శానా శుభ్రంగా ఉండాది అయివారూ, ఈగ కూడా రావడంల్యా" అన్నాడు.

ఇక నా సైకిలు సంగతి. దాని స్టాండు ఎప్పుడో విరిగిపోయింది. కొత్తది వేయించడం ఇష్టం లేక నేను ఒక పద్ధతి కనిపెట్టాను. సైకిలును ఇంటి ముందుకు తెచ్చి, ఎడమ పెడల్‌ను అరుగు కింది మెట్టు అంచు మీద మోపితే అది కదలకుండా నిలబడేది. చక్రాలు రెండూ రోడ్డు మీద, పెడల్ మెట్టు మీద. బోర్డు వచ్చాక కూడా అట్లాగే నిలిపేవాణ్ణి. ఆ బోర్డు నాకు వర్తిస్తుందనే ఆలోచనే నాకు రాలేదు. దాన్ని తెప్పించినవాణ్ణి నేను.

కొత్తగా ఒక కానిస్టేబులు వచ్చాడు. కృష్ణా జిల్లా మనిషి. మా మాట వింటే ఆయన ముఖంలో ఎవరో తిట్టినట్టు కనిపించేది. ఒకరోజు నేను చొక్కా విప్పి మంచినీళ్ళు తాగుతుండగా వీధిలోంచి గొంతు వినిపించింది.

"ఈ సైకిలు ఎవరిదండీ?"

బనియనుతోనే బయటికి వచ్చాను. నాది అన్నాను.

"ఎదురుగా బోర్డు ఉందండీ. చూడలేదాండీ?"

"చూడడమేంది? ఆ బోర్డు పెట్టించిందే నేను."

"అయితే మీకు ముందే తెలుసన్నమాటండీ" అని ఆయన చీటీ రాయడం మొదలుపెట్టాడు.

మిషన్ చప్పుడు ఆగింది. నేను అటు చూడలేదు.

చీటీ తీసుకోనన్నాను. ఆయన దాన్ని మెట్టు మీద పెట్టి, గాలికి పోకుండా ఒక రాయి పెట్టి, సైకిలు నడిపించుకుంటూ పోలీసు స్టేషనుకు పోయాడు. అపరాధం ఒప్పుకుంటే రెండు రూపాయలు కట్టి సైకిలు తెచ్చుకోవచ్చు. మా ఆవిడ డబ్బాలోంచి రెండు రూపాయలు తీసి నా ముందు పెట్టింది. తీసి మళ్ళీ డబ్బాలో వేశాను. ఒప్పుకోనని రాసి పంపాను. కేసు మేజిస్ట్రేటు దగ్గరికి పోయింది. విచారణ మూడు వారాల తర్వాత.

ఆ మూడు వారాలూ బడికి నడిచాను. స్టేషను ముందు నుంచే పోవాలి. లోపల వేపచెట్టు కింద నా సైకిలు గోడకు ఆనుకుని కనిపించేది. ఒకరోజు దాని సీటు మీద కోడి కూర్చుని ఉంది. ఆ కోడి నన్ను చూసిన చూపు కూడా నేను మరిచిపోలేదు. సాయంత్రం కాళ్ళు ఈడ్చుకుంటూ ఇల్లు చేరేసరికి దర్జీ మామ తన స్టూలు ఖాళీ చేసి, "కూర్చో అయివారూ, శానా దూరం నడిసినావు" అనేవాడు. అది దయో ఎగతాళో తేల్చుకోలేక దాన్ని అవమానాల్లోనే వేసుకున్నాను.

నా వాదం నాకు స్పష్టంగా ఉంది. సైకిలు నిలబడింది చక్రాల మీద కాదు. పెడల్ తీసేస్తే పడిపోతుంది. కాబట్టి అది నిలిచింది మెట్టు మీద. మెట్టు నాది. ఈ వాదాన్ని నాలుగు పేజీలు రాసుకుని, సెలవు పెట్టి, బస్సెక్కి జమ్మలమడుగు డివిజను ఆఫీసుకు పోయాను. అక్కడి హెడ్ గుమాస్తా మొదటి పేజీ చదివి మిగతావి తిప్పి చూశాడు.

"మెట్టు నీదేనా అప్పా?"

"మా నాయన కొన్నాడు."

"అట్లయితే కొలిపించుకో. మెట్టు నీ స్థలంలో ఉండాదని తేలితే కేసే నిలబడదు."

ఇంత తేలిక దారి నాకు ముందే తట్టనందుకు నా మీద నాకే కోపం వచ్చింది. ఆ వసారాలోనే కూర్చుని, మా ఇంటి ముందు స్థలాన్ని వెంటనే కొలిచి హద్దు తేల్చవలసిందని మున్సిపాలిటీకి అర్జీ రాశాను. మరుసటి రోజు నా చేత్తోనే ఇచ్చాను. పదకొండు అర్జీలకు రెండేళ్ళు తీసుకున్నవాళ్ళు ఈ అర్జీకి నాలుగో రోజే మనిషిని పంపారు.

ఆ సర్వేయరు నెమ్మదస్తుడు. పటం విప్పి, టేపు పట్టి, ఎదురింటి గోడ నుంచి లెక్కపెడుతూ మా మెట్ల దాకా వచ్చాడు. ఆగలేదు. అరుగెక్కాడు. దర్జీ మామ మిషన్ దాటి, స్టూలుకు ముందు సుద్దతో ఒక గీత గీశాడు.

"ఈడిదాకా రోడ్డే" అన్నాడు.

దర్జీ మామ గీతను చూశాడు. "అంటే నేను అయివారింట్లో కూర్చోని, మిషన్ రోడ్డు మీద తొక్కుతాండానన్నమాట" అన్నాడు. తర్వాత మెల్లగా, "ఈ అరుగు ముందుకు జరిపి కట్టినప్పుడు నేను సూసినా అప్పా. మీ నాయనే కట్టించె, నా మిషన్‌కు చోటు సాలదని" అన్నాడు.

సర్వేయరు నన్ను పక్కకు పిలిచాడు. "ఇప్పుడు ఊరికే సూసి పోతాండా. సోమవారం నీ కేసు. కోర్టులో నువ్వు సైకిలు మెట్టు మీద నిలిపినా అంటే, ఆ మెట్టు యాడుందో నేను కాగితం రాయాల్సి వస్తాది. రాస్తే అరుగు కొట్టాల. రోడ్డు మీద నిలిపినా అంటే నీ అర్జీతో పని ఉండదు, వెనక్కి తీసుకో. నీ ఇష్టం అయివారూ."

ఆయన పోయాక దర్జీ మామ చెక్కపెట్టెలో గుండీలు ఏరి సర్దుకోవడం మొదలుపెట్టాడు. ఏంది మామా అన్నాను.

"పులివెందుల్లో మా బామ్మర్ది ఉండాడు. బస్టాండు కాడ రోంత చోటు సూపిస్తానని ఎప్పటినుంచో పిలుస్తాండాడు. నువ్వు కేసు ఇడిసిపెట్టే మనిషివి కాదులే. నాకు తెల్దా."

లోపలినుంచి మా ఆవిడ అంది: "మీ పెడల్ నెగ్గాలని ఆయన్ను లేపుతాండారు."

ఆదివారం అంతా నేను దర్జీ మామ మీద నాకున్న ఫిర్యాదులు గుర్తు చేసుకున్నాను. వాటిలో ఒక్కటి గట్టిగా నిలబడినా నా మనసు తేలికపడుతుందని ఆశ. బండివాడి మాటకు నవ్వాడు. ఒకసారి నా చొక్కాకు ఒక చెయ్యి పొట్టిగా కుట్టాడు. చక్రం గురించి అడిగాడు. స్టూలు ఇచ్చాడు. నవ్వడానికి, నవ్వొచ్చే మాటే బండివాడు అన్నాడు. పొట్టి చేతికి మర్నాడే గుడ్డ అతికాడు. చక్రం గురించి ముందే చెప్పాడు. స్టూలు దగ్గరికి వచ్చేసరికి నేను ఆపేశాను. ఇన్నేళ్ళ జ్ఞాపకశక్తి నాకు ఆ ఒక్క రోజు పనికి రాలేదు.

సోమవారం కోర్టులో నా నాలుగు పేజీలు జేబులో పెట్టుకుని నిలబడ్డాను. మేజిస్ట్రేటు ముందు నా పదకొండు అర్జీల కట్ట ఉంది. ఆయన మూడోది తీసి, "ఎంతటివాడైనను ఉపేక్షింపరాదు" అని చదివి, "ఇది మీరు రాసిందేనా?" అన్నాడు.

"నేనేనండీ."

"మంచి భాష. సైకిలు ఎక్కడ నిలిపారు? రోడ్డు మీదా, మెట్టు మీదా?"

కానిస్టేబులు నావైపు చూశాడు. నా చెయ్యి జేబు దాకా పోయింది. వెనక బెంచీ మీద దర్జీ మామ పనిలో ఉన్నప్పటిలాగే మెడలో టేపు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఎందుకొచ్చాడో నాకు అర్థం కాలేదు. సాక్షిగా ఆయన్ను ఎవరూ పిలవలేదు.

"రోడ్డు మీద" అన్నాను.

"తప్పు ఒప్పుకుంటున్నారా?"

ఒప్పుకుంటున్నాను అనే మాట నా నోట్లోంచి రావడానికి ఎంతసేపు పట్టిందంటే, మేజిస్ట్రేటు మళ్ళీ అడిగాడు. చెప్పాను. ఆయన రెండు రూపాయలకు బదులు మూడు వేశాడు. ఉపేక్షింపరాదని మీరే రాశారు కదా, మీ అర్జీని మన్నిస్తున్నాను అన్నాడు. కోర్టులో అందరూ నవ్వారు. వెనక బెంచీ వైపు మాత్రం నేను తిరిగి చూడలేదు.

కొలతల అర్జీ వెనక్కి తీసుకోవడానికి మున్సిపాలిటీకి పోతే, కారణం రాయమన్నారు. నా జీవితంలో వెనక్కి తీసుకున్న అర్జీ అదొక్కటే. ఏం రాయాలో తోచక "అవసరము లేదు" అని రాశాను. నేను రాసిన అర్జీలన్నిటిలో అదే చిన్నది.

సైకిలు తెచ్చుకున్నాను. బెల్లు లేదు. అడిగితే, "తెచ్చినప్పుడే లేదండీ" అన్నాడు కానిస్టేబులు. ఉంది. ఇత్తడి బెల్లు, ఒక పక్క చిన్న సొట్ట. ఉంది.

ఇంటికి వచ్చేసరికి దర్జీ మామ సుద్ద గీతను తడిగుడ్డతో తుడుస్తున్నాడు. గుండీల పెట్టె మళ్ళీ విప్పి ఉంది.

"పులివెందులకు పోలేదా మామా?" అన్నాను, కొంచెం పొడుస్తున్నట్టే.

"బామ్మర్ది ఇంట్లో ఎన్నాళ్ళుంటాం అయివారూ" అన్నాడు. సైకిలు వైపు చూపిస్తూ, "దాన్ని యాడ పెడతావు ఇప్పుడు?" అన్నాడు.

సైకిలు ఆ రోజునుంచి ఇంట్లోనే. రోజూ రెండు మెట్లెక్కించి, అరుగు మీదుగా, మిషన్ పక్కనుంచి లోపలికి మోసేవాణ్ణి. మా ఆవిడ చక్రాల మట్టి గురించి ప్రతిరోజూ అనేది, అది వేరే జాబితా. బెల్లు లేదు కాబట్టి నేను వస్తున్నట్టు చెప్పడానికి దగ్గేవాణ్ణి. దర్జీ మామ మిషన్ ఆపి, కాళ్ళు పక్కకు ముడుచుకుని దారి ఇచ్చేవాడు. "జరిగినాలే, రా" అనేవాడు.

బండ్లు మళ్ళీ రానీయమని, ఆ బోర్డు తీసేయమని తర్వాత ఒక అర్జీ పెట్టాను. ఫలానావారి ఫిర్యాదు మీద బోర్డు పెట్టినందున వారి అభిప్రాయం తెలుపవలసిందని, ఆ కాగితాన్ని నాకే పంపించారు. అభిప్రాయం తెలిపాను. ఇంకా జవాబు రాలేదు. బెల్లు గురించి రాసిన దానికీ రాలేదు.