రాజవ్వ కొట్టు మీది బర్రె

కాగజ్‌నగర్‌లో చెల్లెలు ప్రసవించిందని ఉత్తరం రాగానే బడికి సెలవు పెట్టి మా ఆయనతో బయలుదేరాను. కరీంనగర్‌లో పొద్దున అయిదింటికి బస్సెక్కి ఏడింటికి పెద్దపల్లిలో దిగాం. రైలు తొమ్మిదింటికి. మూడో తరగతి టికెట్లు తీసుకుని, జొన్నరొట్టె, వెల్లుల్లి కారం తిని, మిగిలింది మూటగట్టాం.

మంచిర్యాల దాటాక ఒక చిన్న స్టేషన్లో బండి ఆగిపోయింది. ముందు గూడ్సు బండి అడ్డమట.

"గంట పడతదో, పూట పడతదో," అంటూ పక్కనున్న బొగ్గుబాయి కార్మికుడు ప్లాట్‌ఫారం మీదే తువ్వాల పరిచాడు.

అక్కడ రాజవ్వ అనే ఆమె చాయ్ కొట్టు ఉంది. ఎదురుగా స్టేషన్ గోడ మీద పదహారేళ్ల పిల్ల బొగ్గుముక్కతో బొమ్మలు గీస్తోంది. పేరు మాలతి. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన కాందిశీకురాలు.

"కన్న అవ్వ, బాపు తొవ్వల్నే సచ్చిపోయిండ్రట. నెల సంది గీ బెంచీ మీదనే పంటుంది," అంది రాజవ్వ. "ఇయ్యాల పొద్దుగూకేటాళ్లకు ఎల్లిపోవాల్నని మాస్టరు సారు హుకుం ఇచ్చిండు. ఏడికి పోతది?"

గోడ నిండా మా బొమ్మలే! కార్మికుడు నోరు తెరిచి నిద్రపోతున్నాడు. మా ఆయన రొట్టెల మూటను చంటిబిడ్డలా ఎత్తుకున్నాడు. నేను ఆయన్ని తిడుతున్నాను. అది అబద్ధమని అనలేను.

మా నవ్వులు విని స్టేషన్ మాస్టర్ వచ్చాడు. సర్కారు గోడ మీద తన బొజ్జను తానే చూసుకున్నాడు. మాలతి బొగ్గుముక్క వెనక దాచుకుంది. ఆయన వంగి చూసి, "నా మీసం గింత సన్నగున్నదా?" అని వేలు పెట్టి చూపాడు.

ఆ పిల్లకు మాట అర్థం కాలేదు, వేలు అర్థమైంది. రెండు గీతల్లో మీసాన్ని చెవుల దాకా లాగింది.

ఆయన మెత్తబడ్డాడు. "గోడ ఉండనియ్యి. బెంచీ మీద పండుడు మాత్రం నడువది. నా నౌకరి పోతది."

"నా ఇంట్ల సాప లేదా?" అంది రాజవ్వ. "ఫికర్ జెయ్యకు బిడ్డా. నా కొట్టు మీద నన్ను గియ్యి." పాలగిన్నె పట్టుకుని నిలబడింది. మాలతి ఆమెనూ గిన్నెనూ మార్చి మార్చి చూసి, ఎంతో శ్రద్ధగా బర్రెను గీసింది.

"నన్ను గియ్యమంటే బర్రెను గీసినవేందే!"

"పోలిక కుదిరింది," అన్నాడు మా ఆయన. ఆయనకు చాయ్ దొరకలేదు.

గూడ్సు కదిలాక మా బండీ కదిలి, మధ్యాహ్నం మూడింటికి కాగజ్‌నగర్ చేరాం. వారం రోజులున్నాం.

తిరుగు ప్రయాణంలో పొద్దున పదింటికి బండి అక్కడ పది నిమిషాలు ఆగింది. దిగి పరుగెత్తాను. బర్రెకు పసుపు, సున్నం, ఎర్రమట్టి రంగులొచ్చాయి. కొమ్ములకు పూలు. దాన్ని చూడటానికే జనం మూగుతున్నారు.

"పాలల్ల నీళ్లు పోద్దామంటే అది నన్నే సూస్తుంది పంతులమ్మా!" అని రాజవ్వ వాపోయింది.

మాలతి నా చెయ్యి పట్టుకుని కొట్టు వెనక్కి లాక్కుపోయింది. అక్కడ గోడంతా నది, పడవ, గడ్డికప్పు ఇల్లు. వాకిట్లో ఇద్దరు నిలబడ్డారు.

"పద్మా నది. మా ఇల్లు. అవ్వ, బాపు," అంది కొత్తగా నేర్చిన తెలుగులో. వాళ్ల పక్కన పాలగిన్నెతో రాజవ్వ.

"మంచిర్యాల తప్ప ఇంకో ఊరెరుగను. ఏడికి తీస్కపోయిందో సూడు," అని రాజవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. అంతలోనే, "వాళ్లకు గూడ చాయ్ పొయ్యాల్నాయె," అని నవ్వింది. పక్క ఊరి కిరాణా సేటు తన దుకాణం గోడకు బొమ్మలు వెయ్యమన్నాడట. రేపే మొదలు. ఆ మాట చెబుతూ మాలతి రంగు చేతులతోనే జడ సర్దుకుంది.

కూత వినబడితే పరుగెత్తి బండెక్కాను. మూడింటికి కరీంనగర్‌లో ఉన్నాం.

మర్నాడు బడిలో పిల్లలు చుట్టూ చేరి, "టీచరమ్మా, ఏం జూసచ్చిండ్రు?" అని అడిగారు. కాగితపు మిల్లు చూశాను, చెల్లెలి బిడ్డను చూశాను. కానీ నా నోట వచ్చింది పద్మా నది.