తొట్టెలో సీటు తగాదా

కండక్టరుగా ఆయన బస్సులో తగాదాల్ని ముదరనిచ్చిన పాపాన పోలేదు. కిటికీ సీటు కోసం ఇద్దరు గొంతులు చించుకుంటుంటే, ‘సర్దుకోండి, సర్దుకోండి’ అంటూ మధ్యలో దూరి, పాము చావకుండా కర్ర విరక్కుండా తేల్చేసేవాడు. ఆ దారిలో అందరికీ ఆయన సర్దుకోండిగారే. అలాంటివాడికి సొంతింట్లో, అదీ గాజు తొట్టెలో, వేలెడేసి రెండు చేపలు ఆయనకి చుక్కలు చూపించాయి.

ఆ ఉప్పునీటి తొట్టె ఆయన భార్యది. తుంటి విరిగి ముందుగదిలో మంచం పట్టినప్పటినుంచీ ఆవిడ కాలక్షేపమంతా అందులోని క్లౌన్ ఫిష్ జంటే. నారింజ రంగు ఒంటిమీద తెల్లచారలు, క్షణం కుదురుండవు. వాటిలో మగది చచ్చిపోయాక ఆవిడ అన్నం సగంలో వదిలేసేది, పిలిస్తే తప్ప పలికేది కాదు. చూడలేక ఆయన చేపల దుకాణానికి పరిగెత్తి ఇంకో చిన్నదాన్ని తెచ్చాడు. ఈ జాతిలో పెద్దది ఆడదనీ, పెత్తనం దానిదేననీ దుకాణదారు ముందే చెప్పాడు.

“మా ఇంట్లో మాత్రం?” అని నవ్వాడీయన.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మూలనున్న రాతిసందు తన జాగీరన్నట్టు, పెద్దది చిన్నదాన్ని తరిమి తరిమి కొరికింది. రెక్కలు చీలికలయ్యాయి. దుకాణదారు సలహామీద చిన్నదాన్ని చిల్లుల డబ్బాలో పెట్టి అదే నీళ్ళలో కొన్నాళ్ళు వేలాడదీశాడు, ఒకదాన్నొకటి చూసి అలవాటుపడతాయని. వదలగానే మళ్ళీ అదే తంతు.

“దాన్ని తిరిగిచ్చేయండి. తొట్టె కూడా తీసేయండి. ఇంకో చావు చూసే ఓపిక నాకు లేదు” అని భార్య గోడవైపు తిరిగి పడుకుంది.

తొట్టె కూడా పోతే ఈ మనిషి ఏమైపోతుందోనని ఆయనకు భయం పట్టుకుంది.

మర్నాడు బస్సు నడిదారిలో మొరాయించింది. ప్రయాణికుల్ని వెనక బస్సులోకి ఎక్కించాడు. అప్పటిదాకా సీటు కోసం జుట్లు పట్టుకోబోయిన ఇద్దరూ అక్కడ కిక్కురుమనకుండా పక్కపక్కనే కూర్చున్నారు. ఆ బస్సులో ‘ఇది నా సీటు’ అంటూ ఎవరి సంచీ ముందు పడలేదు మరి! కండక్టరు వాళ్ళనే చూస్తూ ఉండిపోయాడు.

ఇంటికొస్తూనే ఈసారి పెద్దదాన్ని డబ్బాలో పెట్టి, పాత సందు ఆనవాలు లేకుండా రాళ్ళన్నీ తారుమారు చేశాడు. చిన్నది ఇల్లంతా తిరిగి చూసుకున్నాక, రెండ్రోజులాగి పెద్దదాన్ని వదిలాడు. అది మూలకెళ్ళి, తన చోటు కనబడక తెల్లబోయింది. తర్వాత చిన్నదాని మీదికి వచ్చింది. చిన్నది పక్కకి ఒరిగిపోయి గజగజ వణికింది.

“అయ్యో, పోయింది!” అంటూ ఆయన చొక్కాతో సహా చెయ్యి మోచేతిదాకా నీళ్ళలో ముంచాడు.

“ఆగండి! చెయ్యి తియ్యండి ముందు!” మంచంమీంచి భార్య కేకేసింది. “చావట్లేదది. పాత మగదీ ఇలాగే వణికేది. నువ్వే పెద్దదానివి, ఒప్పుకున్నానని చెప్పడమది. అస్తమానం మీరు మధ్యలో దూరితే వాటి మాట అవెప్పుడు చెప్పుకుంటాయి?”

ఊరకున్నంత ఉత్తమం లేదంటారు గానీ, ఊరకుండటం ఆ మనిషికి ప్రాణాంతకమైంది. పళ్ళ బిగువున నిలబడ్డాడు. పెద్దది చిన్నదాని చుట్టూ తిరిగి, కొరక్కుండానే మళ్ళింది. చిన్నది దాని వెనకాలే ఈదుకుంటూ పోయింది.

“రేపు దుకాణానికి వెళ్ళి తిరిగిచ్చేసి రానా?” అన్నాడు ఆయన నెమ్మదిగా.

“బావుంది వరస! కాపురానికొచ్చిన అల్లుణ్ణి వెళ్ళగొడతారా ఎవరైనా?”

అని ఆవిడ పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! ఆయనకు దుఃఖం పొంగుకొచ్చింది. తడి చేత్తోనే కళ్ళు తుడుచుకోబోయి, ఉప్పునీళ్ళు మండి “అబ్బా!” అని గెంతాడు. ఆవిడ మంచం పట్టుకుని మరీ నవ్వింది.