తెల్ల చొక్కా, పోలీసు బూట్లు

వైజాగ్‌లో స్టీల్ ప్లాంట్ కడుతున్న రోజులవి. నేను గాజువాకలో వెల్డర్‌ని. ఒక ఆదివారం మా బావతో మ్యాట్నీకి వెళ్లాను. లంచాలు మరిగిన ఇన్‌స్పెక్టర్ కథ. తెరమీద అతను ఒక పోర్టు కళాసీని లాకప్‌లో కొట్టి చంపుతుంటే, వాడి కేకలకి నా ఒళ్లు మండిపోయింది.

"పోలీసోల్లంతా ఇంతే! పురుగులట్టి పోతారు!" అని గట్టిగా అరిచాను.

ఇంటర్వెల్‌లో లైట్లు వెలిగాయి. సోడా కొనుక్కుని పక్కకి చూశాను. పక్క సీటాయన వేసుకున్నది తెల్ల చొక్కాయే. కింద మాత్రం ఖాకీ ప్యాంటు, పోలీసు బూట్లు.

"దండమెట్టీ బావా," అని మా బావ నన్ను గిల్లాడు.

"తప్పయిపోనాది బాబూ," అన్నాను.

ఆయన నాకేసి చూడలేదు. ఖాళీ తెరనే చూస్తూ, "ఈ సినిమావోల్లకి తెలీదు. సచ్చిపోయీవోడు అలగ అరవడు," అన్నాడు మెల్లగా. "నీల్లడుగుతాడు."

లైట్లు ఆరకముందే లేచి వెళ్లిపోయాడు.

"మరి ఇచ్చారా?" అని అడగడానికి నాకు నోరు రాలేదు. కొన్న సోడా సీటు కింద పెట్టేశాను.

ఇప్పటికీ టీవీలో లాకప్ సీను వస్తే, నా చేతిలో మంచినీళ్ల గ్లాసుంటే కింద పెట్టేస్తాను.