నాంగ్ సేబ్యా తీసిన రొద

పాము పగ పన్నెండేళ్ళంటారు. మా నాంగ్ సేబ్యా పగ నలభై ఎనిమిదేళ్ళు నడిచింది. పగ పెట్టుకోకూడదని చర్చిలో ప్రతి ఆదివారం చెబుతూనే ఉంటారు, మేమూ తలలూపుతూనే ఉంటాం. పడ్డవాళ్ళకి కదా తెలిసేది! నేను మాత్రం ఆవిడ పక్షమే. ముందే చెప్పేస్తున్నాను.

మా సెబూ ఊళ్ళో కార్బన్ బజారు వెనక సందులో ఫ్యాన్లూ, రైస్ కుక్కర్లూ బాగుచేసే కొట్టు ఆవిడది. పక్కనే నా కుట్టుమిషను. సందు మొత్తానికీ ఆవిడ 'నాంగ్', అంటే అక్క. మొగుడు పోయాక ఆయన స్క్రూడ్రైవర్లు అందుకుని, చుట్టుపక్కల ముగ్గురు మగ మెకానిక్కుల చేత కొట్లు మూయించింది. ఎదురుగా అందరూ అక్కా అక్కా అంటారు గానీ వెనకాల ఆవిడకి ఇంకో పేరుంది: అబద్ధాల సేబ్యా.

ఆ పేరు రావడానికి కారణం ఒక పాట. ఆవిడకి పందొమ్మిదేళ్ళప్పుడు, బ్యాండు నడిపే వెనాన్సియో కబాహుగ్ ఆవిడ చేత పాడించి రికార్డు వేశాడు. ప్లేటు మీద మాత్రం గాయనిగా తన పెళ్ళాం కోరా పేరు అచ్చేయించాడు. పాట రేడియోలో మోగిపోయింది. ఆ గొంతు నాదని సేబ్యా అంటే జనం పకపకా నవ్వారు. "పాటంతా అయ్యాక ఆఖర్న ఆయన 'భేష్, సేబ్యా' అంటాడు, వినండి" అని బతిమాలింది. ఎవరు వింటారు? రేడియోవాళ్ళు పాట అవగానే ముల్లు లేపేస్తారు. ఇళ్ళలో రికార్డు ప్లేయర్లకి ఎప్పుడూ ఒక గుయ్‌మనే రొద ఉంటుంది. మెల్లగా అన్న ఆ రెండు మాటలూ అందులో మునిగిపోయేవి. ఆవిడ దగ్గరున్న ఒక్క ప్లేటూ వరదలో పోయింది. మా సందులో మైకు దొరికితే మూడేళ్ళ పిల్ల కూడా వదలదు. నాంగ్ మాత్రం తన పుట్టినరోజుకి కూడా పాడలేదు.

కిందటి ఫియెస్తా పండగ ముందు, వెనాన్సియో మనవరాలు మారివిక్ రికార్డు ప్లేయరు, యాంప్లిఫయరు, లాప్‌టాప్, ఒక ప్లేట్ల కట్ట మోసుకుని కొట్టుకి వచ్చింది. తాతకి ఊళ్ళో సన్మానం. ఆయన పాటలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి లోకమంతా వినేలా పెడుతుందట.

"ఈ రొదతో చచ్చిపోతున్నా నాంగ్. వారం నుంచీ ఇదే తిప్పలు. కంప్యూటర్లో రొదని కడిగేస్తే, దాంతోపాటు బేస్ గిటారు కూడా కొట్టుకుపోయింది."

నాంగ్ పై ప్లేటు తీసి పేరు చదివింది. అదే పాట. ఆవిడ మొహం చూసి నేను పళ్ళతో దారం కొరకడం మర్చిపోయాను.

"కడగటం కాదు పిల్లా, అసలు లోపలికి రానీకూడదు. బురదకాళ్ళతో ఇల్లంతా తిరిగి, తర్వాత తుడుచుకుంటానంటే ఎట్లా?" అంది. "పైసా వద్దు నాకు. ఒకటే షరతు. ముల్లు పెట్టిన కాడ్నుంచి లేపేదాకా ఒక్క ముక్క కూడా కొయ్యగూడదు. మాటిస్తావా?"

"ఓస్, అంతేనా! బాలయేసు సాంతో నిన్యో మీద ఒట్టు."

నాంగ్ ప్లేయరు పెట్టి, ముల్లు ఉండే లోహపు చేతిమీద వేలు ఆనించింది. రొద సగానికి పడిపోయింది. వేలు తీస్తే మళ్ళీ లేచింది. "ఎర్త్ లేదు దీనికి" అంటూ వెనక్కి తిప్పింది. సన్నటి పచ్చతీగ మొదలంటా తెగి ఉంది.

"ఈ వైరేదీ?"

"అదా... దేనికీ తగిలించి లేదని నేనే కత్తిరించేశా."

"నీ నాలుక్కూడా చివర దేనికీ తగిలించి లేదు. కత్తిరించనా?"

కొత్త తీగ అతికించి, రెండో కొసని యాంప్లిఫయరు వెనక స్క్రూ కింద బిగించింది. రొద చాలావరకు పోయింది గానీ పూర్తిగా పోలేదు. లాప్‌టాప్ చార్జరు ఊడబీకింది. మిగిలిందాంట్లోనూ చాలావరకు పోయింది. చార్జరు ప్లగ్గు చూస్తే ఎర్త్‌కిచ్చే మూడో పిన్ను విరిచేసి ఉంది. ఆ పిల్లని అనేందుకేముంది, మా ఊళ్ళో గోడ సాకెట్లకి రెండు కన్నాలే. కొత్త సామాను కొనగానే అందరం చేసే మొదటి పని పటకారుతో ఆ మూడోదాన్ని విరవడమే. నా ఇస్త్రీపెట్టెదీ విరిచాను. నాంగ్ లాప్‌టాప్‌ని బ్యాటరీ మీదే నడిపించి, సన్న వైర్లని యాంప్లిఫయరుకి దూరంగా జరిపింది. అప్పుడు నిశ్శబ్దం. స్పీకరు పాడైందేమో అనుకున్నాను.

"తాతని పిలుస్తా! మా లోలో విని ఎంత సంబరపడతాడో!" అంది మారివిక్.

"పిలువు తల్లీ, పిలువు" అంది నాంగ్. ఆ గొంతులో తీపికి నాకు భయమేసింది. ఆ పిల్ల ఫోన్లో ఉండగానే పెద్ద స్పీకరుని సందువైపు తిప్పింది.

వెనాన్సియో చేతికర్రతో, ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. "సేబ్యా! కులాసానా?" అన్నాడు, వెనకటికి మేలేదో చేసినవాడిలా. ఒళ్ళు మండిపోయింది నాకు.

పాట మొదలైంది. నిజం చెప్పొద్దూ, ఇన్నేళ్ళూ పక్షం పక్షం అంటూనే నేనూ ఆవిడని సగమే నమ్మాను. ఆ గొంతు వినగానే సిగ్గేసింది. పాట అయింది. మారివిక్ అలవాటుగా ముల్లు లేపబోతే నాంగ్ ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. ఒక్క క్షణం. తర్వాత స్పీకర్లోంచి పడుచు మగగొంతు: "భేష్, సేబ్యా."

"లోలో, ఇది నీ గొంతే! పాడింది మన కోరా బామ్మ కదా? సేబ్యా అంటావేంటి?"

ముసలాయన దగ్గాడు. "ఆ పాత రొద ఉంటేనే అమ్మా, రికార్డుకి అందం. ముందున్నట్టే పెట్టించెయ్యి."

నేను పైకే నవ్వేశాను.

"నాకు రొద తియ్యటమే వచ్చు మేస్ట్రో, పెట్టటం చేతగాదు" అంది నాంగ్.

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అన్నట్టు ఆయన గొంతు తగ్గించాడు. "సేబ్యా, కోరా పోయి పదేళ్ళయింది. చచ్చినదాని పరువు తియ్యకు."

"ఆవిడ పోయి పదేళ్ళేగా. నన్ను చంపి నలభై ఎనిమిదేళ్ళు. పిల్ల అడుగుతోంది, చెప్పు."

ఆయన మనవరాలి వంక చూశాడు. ఆ పిల్ల అడ్డుపడలేదు.

"పాడింది సేబ్యా" అన్నాడు.

"సందుకి వినబళ్ళా."

మళ్ళీ చెప్పాడు. అన్నం పొట్లాలమ్మే ఆవిడ, చేపల బండివాడు, అందరూ గుమ్మం ముందు నిలబడ్డారు. మూడోసారి చెప్పించింది. ఆయన చొక్కా తడిసిపోయింది, కర్ర మీదికి ఒరిగిపోయాడు. నా కడుపు నిండిపోయింది. వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "చాల్లే నాంగ్, పడిపోతాడు."

విదిలించుకుంది. "మూడూ ఈ సందు కోసం. ఇంకొకటి మా అమ్మ కోసం. నేను అబద్ధాలకోరుననుకుంటూనే పోయిందావిడ."

నాంగ్ ఆయన ముందుకి స్టూలు జరిపింది.

"కూచునే చెప్పు వెనాన్స్" అంది.