చేతికొచ్చిన బంతి

ఆ రోజుల్లో, అంటే డాలరు ఎనిమిది రూపాయలున్న కాలంలో, న్యూజెర్సీ నుంచి నది దాటి వెళ్లి బేస్‌బాల్ చూడటం మాబోటి కొత్త ఇంజనీర్లకి సినిమాకన్నా చవక. ఎండలో, వీపు ఆనించడానికి కూడా ఏమీ లేని బల్లల మీద కూర్చుంటామంటే టికెట్ రెండు డాలర్లే. (దాన్నీ ఎనిమిదితో గుణించి గుండె పట్టుకునే రూమ్మేట్ ఒకడుండేవాడు. వాణ్ణి ఎక్కాల బావ అనేవాళ్లం.)

నా గ్రీన్ కార్డ్‌కి మా బాస్ లెటర్ మీద సంతకం పెట్టాలి. అదేమో మూడు వారాలుగా ఆయన టేబుల్ మీదే పడి ఉంది. కాస్త మంచి చేసుకుందామని శనివారం ఆటకి రమ్మన్నాను. అరవైకి దగ్గరపడిన ఆ పెద్దమనిషి చేతికి తోలు గ్లవ్ తొడుక్కుని మరీ వచ్చాడు. "ఒక్క బంతి పట్టుకోవాలని యాభై ఏళ్లుగా వస్తున్నాను," అన్నాడు. పాపం, క్యాచ్ పట్టే సరదా కాబోలు అనుకున్నాను.

ఆకలేసింది. హాట్ డాగ్ రేటు విని, మాతో వచ్చిన ఎక్కాల బావ గుండె పట్టుకున్నాడు. "ఒరేయ్, దీంతో మా అమ్మ వారం కూరలు కొంటుందిరా! పులిహోర తెచ్చాను, ఓపెన్ చేస్తున్నా." బాస్‌కీ ఓ ప్లేటు పెట్టాడు. గ్లవ్‌తో పులిహోర ఎలా తింటారు? తీసి పక్కన పెట్టాడాయన. సరిగ్గా అప్పుడే, మా టీమ్ హీరో కొట్టిన బంతి ఆకాశంలోంచి నేరుగా మా మీదికే వచ్చింది! ఆయన గ్లవ్ కోసం తడుముకునేలోపు నేను లేచి ఉత్త చేతుల్తో పట్టేశాను. అరచేతులు భగ్గుమన్నాయి. అయినా క్షణం ఆలస్యం చెయ్యకుండా, గుంటూరులో నేర్చుకున్న క్రికెట్ మర్యాద ప్రకారం, బలంకొద్దీ బంతిని కిందున్న ఫీల్డర్‌కి విసిరేశాను. అతను పసుపూ నూనే అంటిన ఆ బంతిని వాసన చూశాడు.

స్టేడియం మొత్తం 'బూ' అని హోరెత్తింది. ఇక్కడ మెచ్చుకోవడం ఇలాగే కాబోలని నాలుగు వైపులా తిరిగి నమస్కారాలు పెట్టాను. పక్క సీటాయన్ని అడిగి తెలుసుకున్న ఎక్కాల బావ నా చొక్కా పట్టి లాగాడు. "కూర్చోరా బాబూ! ఇక్కడ బంతి దొరికితే ఇంటికి పట్టుకెళ్లిపోవచ్చట! విసిరేస్తే మన హీరోని అవమానించినట్టట!" బాస్ వైపు చూశాను. ఖాళీ గ్లవ్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నా గ్రీన్ కార్డ్ సంగతి అలా ఉంచండి, ఆ మొహం చూసి నాకే ఏడుపొచ్చింది.

సోమవారం పిలిపించాడు. "ఎందుకు విసిరేశావు?"

"మా ఊళ్లో అందరికీ కలిపి ఒక్కటే బంతి సార్. తిరిగివ్వకపోతే ఆట ఆగిపోతుంది."

ఆయన కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వి, లెటర్ ముందుకి లాక్కుని సంతకం పెట్టేశాడు. "ఆట ఆగిపోతుందేమోనని భయపడ్డవాణ్ణి నేనెలా వెనక్కి పంపించేస్తానయ్యా!"

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు కారు పార్కింగ్‌కే అప్పటి మా వారం గ్రోసరీ ఖర్చవుతోంది. టికెట్ ధర చెప్తే ఎక్కాల బావ ఏమైపోతాడో! "ఇంట్లో టీవీలో చూడొచ్చు కదా నాన్నా," అంటాడు మా అబ్బాయి. అయినా ఏటా వెళ్తాను, ఒక్క బంతి దొరికితే ఆ బాస్ కూతురికి పంపిద్దామని. ఇంతవరకూ రాలేదు. వస్తే మళ్లీ విసిరేస్తానన్న భయం మాత్రం లేదు లెండి, ఇప్పుడీ కుడి చెయ్యి భుజం దాటి లేవదు.