పసుపు నీళ్ల సీసాతో ఆర్మూరు దాకా

శుక్రవారం పొద్దున ఆరు నలభైకి భీమ్‌గల్ బస్టాండులో నిలబడి ఉన్నాను. చేతిసంచిలో లీటరు సీసా, సీసా నిండా పసుపు రంగు నీళ్లు. కారున్నవాడు బస్సు కోసం ఎందుకు నిలబడ్డాడని మీరు అడగకముందే చెబుతాను. నా కారు పెర్కిట్‌లో సామ్యేల్ షెడ్డులో ఉంది. సీసాలో ఉన్నవి దాని రేడియేటర్‌లోంచి తీసిన నీళ్లు. సామ్యేల్ చేసిన రిపేరు ఎంత గొప్పదో నలుగురికీ చూపించడానికి పట్టుకెళుతున్నాను. నా నోటి మాటను మా వైపు ఎవరూ నమ్మరు. సాక్ష్యం ఉంటే తప్ప నేను కదలను.

పది రోజుల కింద రేడియేటర్ అడుగున నీళ్లు చుక్కలుగా కారుతుంటే బండిని సామ్యేల్ దగ్గరికి తీసుకెళ్లాను. అతడు మూత తీసి చెంచాడు పసుపు వేసి, మళ్లీ మూత బిగించి, "ఆర్నెల్ల దాక ఫికర్ లేదన్నా" అన్నాడు. పసుపు చిల్లి దగ్గర పేరుకుని కారడం ఆపుతుందని లారీల వాళ్లకు తెలిసిన చిట్కా. అడవిలో ఆగిపోయిన బండికి అది సరిపోతుంది. షెడ్డుకు నడిపించుకొచ్చిన బండికి మాత్రం రేడియేటర్ విప్పి అతుకు పెట్టాలి. ఆర్నెల్లన్నది నాలుగు రోజులైంది. శనివారం మళ్లీ కారింది. బుధవారం ఆర్మూరు నుంచి ఇంటికి వస్తుంటే పెర్కిట్ దగ్గర బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. ఎంత ఆవిరంటే, వాన వస్తుందనుకుని ఊళ్లో ఆడవాళ్లు డాబాల మీద ఆరబోసిన మక్కజొన్నలు ఎత్తేసుకున్నారు. రెండు కొంగలు వచ్చి బండి మీద వాలాయి. అక్కడి నుంచి ట్రాక్టరుకు తాడు కట్టి షెడ్డుకు లాగించాను.

ఇదంతా నవ్వుకోవాల్సిన సంగతే, మా రాజక్క లేకపోతే. అక్క ఉండేది ఇందల్వాయిలో. ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. నిజామాబాద్‌లో ఆమె డాక్టరు శనివారాలే చూస్తాడు. ఆ కన్ను చూసి, బాగుందంటేనే రెండో కంటికి తేదీ ఇస్తాడు. పోయిన శనివారం బండి నీళ్లు కారి నేను సగం దారిలో వెనక్కి తిరిగాను. ఈ శనివారం కూడా పోకపోతే ఆ తేదీ ఎప్పటికి జరుగుతుందో తెలియదు. వేరే బండి మాట్లాడుతానంటే అక్క వినదు. బస్సయినా కిరాయి కారైనా రెండు కిలోమీటర్లకే వాంతి చేసుకుంటుంది. నా కారులో ముందు సీట్లో అద్దం దించుకుని కూర్చుంటే మాత్రం ఏమీ కాదు. ఎందుకని అడిగితే ఆమెకూ తెలియదు. "నువ్వు వస్తనంటె వస్తవు గదా" అని ఫోన్లో అడిగింది. వస్తానన్నాను.

బస్సు ఆరు యాభై ఐదుకు కదిలింది. ఆర్మూరుకు గంట ప్రయాణం. నాకు నలభై రూపాయల టికెట్టు, ఆడవాళ్లకు జీరో టికెట్టు. అందువల్ల బస్సులో మగవాళ్లం ఆరుగురమే, నిలబడింది ఆరుగురమూ. వేల్పూరు దగ్గర ఒకామె కిటికీ పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. పేరు పోసాని. నలభై ఏళ్లుంటాయి, ఒళ్లో టిఫిను డబ్బా. పసుపు ఉడకబెట్టే కూలికి పోతోంది. ఆ రోజుల్లో దారి పొడుగునా కళ్లాల్లో అదే పని, బస్సులోకి కూడా ఉడికిన పసుపు వాసన వస్తోంది.

"గా సీసల ఏందన్నా? కామెర్ల మందా?" అని అడిగింది.

"కాదు చెల్లె. మా కారు తాగే నీళ్లు. దానికి జలుబు చేసింది, పసుపు కలిపి తాగిపిస్తున్న."

ఆమె నవ్వలేదు. సీసా అందుకుని, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, రెండుసార్లు ఊపి, అడుగున ఎంత దిగుతుందో చూసింది.

"ఎంత ఏసిండ్రు?"

"చెంచెడు. మెకానిక్ ఏసిండు."

"పో అన్నా. పన్నెండేండ్ల సంది పసుపు ఉడకబెడుతున్న. చెంచెడుకు గింత చిక్కగైతదా? అర కిలో తక్కువ లేదు."

"ఏమో మరి, మెకానిక్‌నే అడగాలె."

"మెకానిక్ ఎందుకు పోస్తడు గంత? కొనుక్కునేటోడు చెంచతోనే ఏస్తడు. ఇంట్ల బస్తాలున్నోడే గిట్ల దోసిట్లతోని పోస్తడు." సీసా నా చేతికిచ్చింది. "నీకు ఎన్ని ఎకరాలన్నా పసుపు?"

నేను కిటికీలోంచి గుట్టలు చూశాను. ఆమెకు చెప్పలేదు కానీ మీకు చెబుతాను, ఎకరన్నర. శనివారం సగం దారి నుంచి వెనక్కి వచ్చిన కోపంలో, సామ్యేల్ వేసింది ఏదో కొట్టు పసుపు, అందుకే ఆగలేదని నాకు తోచింది. మా చేను పసుపు సంగతి వేరు. చెంచాకు నాలుగు రోజులు ఆగితే మిగతాది మీరే లెక్కేసుకోండి. ఆదివారం మా ఆవిడ సుజాత ఇంట్లో లేనప్పుడు డబ్బాలోంచి తీసి రేడియేటర్‌లో పోశాను. సోమ, మంగళవారాలు ఒక్క చుక్క కారలేదు. ఇరుగుపొరుగుకు చెప్పుకున్నాను కూడా, కారు బాగైందని. ఎలా బాగైందో చెప్పలేదు.

ఏడు యాభై ఐదుకు ఆర్మూరు. బస్సు పెర్కిట్ మీదుగానే వస్తుంది, షెడ్డు ముందే దిగవచ్చు. కానీ ఖాళీ కడుపుతో కొట్లాట కుదరదు కాబట్టి బస్టాండు దాకా వచ్చాను. మీరు కూడా అలాగే చేయండి. బస్టాండు ఎదురుగా ఇడ్లీ మీద పల్లీ చట్నీ అడిగినంత పోస్తారు. రెండో ప్లేటు తింటూ, సామ్యేల్‌తో ఏమనాలో రెండుసార్లు మనసులో చెప్పుకుని చూసుకున్నాను. బాగా వచ్చింది. చాయ్ తాగి, ఇరవై రూపాయలిచ్చి ఆటోలో పెర్కిట్ చేరేసరికి తొమ్మిది.

షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో ఇద్దరు ట్రాక్టర్ల వాళ్లు కూర్చుని ఉన్నారు. జనం ఉన్నారని నాకు హుషారు వచ్చింది. సంచిలోంచి సీసా తీసి ఎత్తి పట్టుకున్నాను.

"సూడుండ్రి. బండి రిపేరుకు ఇస్తే పసుపు ఏసి పంపిండు. ఇంక కుంకుమ ఏసేదుంటే అదీ ఏస్తుండె."

ఇద్దరూ నవ్వారు. ఒకాయన సామ్యేల్ వైపు తిరిగి, "గిదేం పద్ధతి సామ్యేలూ" అన్నాడు. సామ్యేల్ నా కారు ముందు నుంచి లేచి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చాడు. వాదిస్తాడనుకున్నాను. ఇడ్లీల దగ్గర తయారుచేసుకున్నదంతా ఆ వాదనకే.

"తప్పు నాదే లింగన్నా," అన్నాడు. "ఆ రోజు మూడు బండ్లు మీద పడ్డయి. ఇప్పి అతుకు పెట్టాలె, పెట్టలే. పసుపు ఏసి నిన్ను పంపిచ్చిన. రెండు రోజుల సంది గదే మనసుల తిరుగుతుంది."

నేను చెయ్యి దించాను. అతడు నన్ను కారు దగ్గరికి తీసుకెళ్లి రేడియేటర్ మూత లోపల చూపించాడు. పసుపుపచ్చటి బురద గడ్డకట్టి ఉంది.

"నేను ఏసింది ఒక్క చెంచ. చెంచకు ఇంత బురద కాదు. అంటే లోపల గ్యాస్కెట్ పోయి, ఇంజన్ ఆయిలొచ్చి నీళ్లల్ల కలుస్తుంది. కలిస్తే గిట్లనే ఉంటది. ఇంజన్ మొత్తం ఇప్పాలె. నీ దగ్గర ఒక్క రూపాయి తీసుకోను. జర నాలుగు రోజులు ఇయ్యి."

"రేపు పొద్దున అక్కను దవాఖానకు తీస్కపోవాలె."

"రేపు ఎట్లయితదన్నా? ఇంజన్ అన్నంక."

ట్రాక్టరాయన, "మంచోడే పాపం, ఒప్పుకున్నడు" అన్నాడు.

నేను కుర్చీలో కూర్చున్నాను. ఎవరో చాయ్ ఇచ్చారు. నా లెక్క ఇలా ఉంది. నోరు మూసుకుని కూర్చుంటే ఇంజన్ పని ఉచితంగా అవుతుంది, తప్పు సామ్యేల్‌దిగానే ఉంటుంది, అక్క రెండో శనివారం కూడా అరుగు మీద కూర్చుని నా కోసం చూస్తుంది. నోరు తెరిస్తే ఈ ఊళ్లో నాకు మిగిలిన కాస్త మర్యాద పోతుంది. చాయ్ అయిపోయేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. పుట్టిన తర్వాత నేను అంతసేపు మాట్లాడకుండా ఉండటం అదే మొదలు.

"సామ్యేలూ, ఇంజన్ ఇప్పకు. అది ఆయిల్ కాదు. నేను అర కిలో పసుపు పోసిన."

ముందు ట్రాక్టర్ల వాళ్లు నవ్వారు. తర్వాత సామ్యేల్ నవ్వాడు. నా భుజం మీద చెయ్యి వేసి, "నా మీద జాలితోని అంటున్నవ్, నాకు సమజైతది. గని నీ గప్పాలు నాకు తెల్వదా అన్నా? చాపల కడుపుల సైకిల్ బెల్లు ఎల్లిందని చెప్పినోనివి" అన్నాడు.

"అది అబద్ధం. ఇది నిజం."

"బెల్లు మోగింది గూడ అంటివి."

ఒట్టు పెట్టినా లాభం లేదని తెలిసి, మా ఆవిడకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"సుజాతా, పసుపు డబ్బల ఏమన్న తగ్గిందా?"

"గిప్పుడు అడుగుతున్నవా? ఆదివారం సంది ఎలుకల మందు పెడుతున్న. ఏ ఎలుక పసుపు తింటదని పక్కింటామె నవ్వింది."

"ఎంత తగ్గింది?"

"అర కిలో పైనే. ఎందుకు?"

"కారుల పోసిన."

"ఇంటికైతే రానియ్ ఆ ఎలుకను" అని ఫోన్ పెట్టేసింది.

షెడ్డులో ఎవరూ నవ్వలేదు. సామ్యేల్ వెళ్లి బురదలో వేలు ముంచి, రెండు వేళ్ల మధ్య రుద్దాడు. ఆయిలయితే జారుతుంది. జారలేదు, గరుకుగా పొడిలా తగిలింది. వాసన చూశాడు. నా వైపు చూసి, "మంచి పసుపన్నా" అన్నాడు. "నీళ్లు తిరిగే దారంత మూసింది, గందుకే ఆవిరి లేసింది. రేడియేటర్ ఇప్పుతున్న. కడిగి, అతుకు పెట్టి, సందెకు ఇస్త."

తొమ్మిది నలభైకి పని మొదలైంది. రేడియేటర్ విప్పి, వేడి నీళ్లతో ఒకసారి, బండ్లు కడిగే పైపుతో రెండుసార్లు కడిగాడు. మొదటిసారి వచ్చిన నీళ్లకు షెడ్డు ముందున్న కాలువ పొడుగునా పసుపైంది. అందులో పడుకున్న కుక్కలు నాలుగూ లేచి పెళ్లికొడుకుల్లాగా ఊళ్లోకి నడిచాయి. ఇది మాత్రం సామ్యేల్ కూడా చూశాడు, అడగండి. మధ్యాహ్నం అతుకు ఆరుతుంటే అతడు ఇంటి నుంచి తెప్పించిన డబ్బా ఇద్దరం పంచుకున్నాం. అన్నం, పప్పు, చింతకాయ తొక్కు, ఉల్లిగడ్డ. పసుపు ఎక్కువైందా అని నేను పప్పును పరీక్షగా చూస్తుంటే అతడు తల అడ్డంగా ఊపాడు. నాలుగున్నరకు బండి స్టార్టు చేసి అరగంట అలాగే వదిలేశాడు. కింద చుక్క లేదు. అతుకుకు డబ్బులు అతడు తీసుకోలేదు, కడిగినదానికి నేనివ్వకుండా ఉండలేకపోయాను.

ఐదు పదికి బయలుదేరాను. హైవే మీద ఇందల్వాయి గంట లోపే. కానీ పది కిలోమీటర్లకోసారి ఆపి, కింద వంగి చూసి, మళ్లీ ఎక్కేసరికి ఆరున్నర దాటింది. అక్క అరుగు మీదే ఉంది, నల్లద్దాలు పెట్టుకుని.

"అచ్చినవా" అంది.

"అస్తనంటిని గద."

"గట్ల శానసార్లు అంటివి గని."

శనివారం ఎనిమిదిన్నరకు ఇద్దరం బయలుదేరి తొమ్మిదిన్నరకు నిజామాబాద్ చేరాం. అక్క అద్దం దించుకుని కూర్చుంది, వాంతి కాలేదు. టోకెన్ నెంబరు పద్నాలుగు. పదకొండు దాటాక పిలిచారు. డాక్టరు కన్ను చూసి, గోడ మీది అక్షరాలు చదివించి, బాగా వచ్చిందన్నాడు. రెండో కంటికి వచ్చే నెల మొదటి వారం తేదీ రాసిచ్చాడు. అక్క ఆ చీటీని నా చేతికివ్వలేదు. జాకెట్లో దోపుకుంది.

పన్నెండున్నరకు తిరుగు ప్రయాణం. డిచ్‌పల్లి దాటాక అక్క నల్లద్దాలు తీసి, స్టీరింగ్ వెనక చూపించింది.

"గా ముల్లు ఏందిరా?"

"ఇంజన్ వేడి. మీదికి పోతే ఆగాలె."

"నువ్వు రోడ్డు సూడు. ముల్లు నేను సూస్త."

అప్పటి నుంచి ప్రతి కరెంటు స్తంభానికీ ఒకసారి, "నడుమలనే ఉంది" అని చెబుతూ వచ్చింది. టోల్‌గేటు దగ్గర లైనులో ఆగినప్పుడు కూడా ముందుకు వంగి చూసి చెప్పింది. మామూలుగా ఇంత దూరంలో నేను మూడు కథలు చెప్పేవాణ్ణి. ఒక్కటీ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

ఇందల్వాయిలో ఇంటి ముందు ఆపి, దిగి ఆమె వైపు తలుపు తీశాను. అక్క కదలలేదు.

"దిగక్కా, ఇల్లొచ్చింది."

"ఇంటికి పోయేదాక ముల్లు ఎవలు సూస్తరు నీకు? రోడ్డే సూస్తవా, దాన్నే సూస్తవా?" అంది. "సుజాతను గూడ సూసి నెలైంది. పోనియ్."

వేరే బండైతే రెండు కిలోమీటర్లకే ఆపమనే మనిషి, గుట్టల దారిలో భీమ్‌గల్ దాకా వచ్చింది. దారి పొడుగునా ముల్లు నడుమలనే ఉంది. ఆమె చెప్పింది కాబట్టి మీరు నమ్మవచ్చు.