కల్వర్టు దగ్గర విరిగిన చెయ్యి

శ్రీకూర్మంలో పిల్లలకు వీణ పాఠం చెప్పి, బస్సు కోసం కల్వర్టు దగ్గర నిలబడ్డాను. ఎడ్లబండిని దాటబోయిన లారీ ఒకటి రోడ్డు దిగి నా మీదికొచ్చింది. ఎడమ మణికట్టు నుజ్జయింది. కట్టు విప్పాక వేళ్ళు కదిలాయి గానీ తీగను లాగే బలం రాలేదు. నాన్న పోయాక ఆ పాఠాలతోనే అమ్మా నేనూ బతుకుతున్నాం.

లారీ యజమాని బత్తాయిలు పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"తప్పు డైవరుదమ్మా. ఆణ్ని పన్లోంచి మానిపించేసినాను. ఇంక నాదేటున్నాది? ఆస్పత్రి కర్సు ఇచ్చేస్తాను, గొడవ నేదని ఓ సంతకం ఎట్టీ."

"ఎట్టీయే. కోర్టులూ అవీ మనకెందుకే?" అంది అమ్మ.

"ఎట్టనమ్మా. సెయ్యి నాది," అన్నాను.

మర్నాడు అమ్మను తీసుకుని శ్రీకాకుళంలో ఒక ప్లీడరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన అంతా విని అన్నారు: "డ్రైవరు ఆ యజమాని పని మీదే కదా బండి నడిపాడు? అంచేత పూచీ యజమానిదే. మానిపిస్తే పోదు. లారీ రోడ్డెక్కాలంటే బీమా ఉండి తీరాలి. దాని వల్ల దెబ్బ తిన్నవాళ్ళ కోసమే ఆ బీమా."

"నేను ఆ బీమా కంపెనీకి పైసా కట్టలేదు కదండీ?"

"కట్టింది ఆయన, అందాల్సింది నీకు. గడువు దాటకుండా కోర్టులో అర్జీ వెయ్యాలి."

వేశాం. వాయిదా పడినప్పుడల్లా మళ్ళీ వెళ్ళాం. మొదట్లో సణిగిన అమ్మే తర్వాత తెల్లారకముందే చద్దన్నం మూట కట్టేది.

నేను రోడ్డు మధ్యకొచ్చానని బీమా కంపెనీ వకీలు వాదించాడు. ఎడ్లబండి తోలిన రైతు బోనెక్కి, "ఆయమ్మ రోడ్డెక్కనేదు బాబూ, లారీయే దిగినాది," అన్నాడు. వకీలు నా వైపు తిరిగాడు.

"వీణంటే ఆడవాళ్ళకు కాలక్షేపమే కదా?"

ఒళ్ళు మండింది.

"మా ఇంట్లో పొయ్యి వెలిగేది దాంతోనేనండీ."

జడ్జిగారు చేతులు చూపించమన్నారు. కుడిచెయ్యి తిప్పాను. ఎడమది సగంలోనే ఆగిపోయింది.

అడిగినంత ఇవ్వలేదు గానీ, తప్పు లారీదేననీ, పరిహారం కంపెనీ చెల్లించాలనీ తీర్పొచ్చింది. దాంతో విశాఖపట్నంలో మణికట్టుకు ఆపరేషను చేయించుకున్నాను. కచేరీ చేసే చెయ్యి కాలేదది. పాఠానికి మాత్రం పనికొచ్చింది. నా చేతికి పలకని గమకాలను గొంతుతో పాడి, పిల్లల చేత పలికించాను.